ప్రతి రూట్‌లోనూ ట్రై-క్యాచ్ పెట్టాల్సిందేనా? ఏపీఐ సర్వర్‌లో ఎర్రర్లు మీరెలా పంపిస్తున్నారు?

చివరిసెమికోలన్:

నమస్తే అందరికీ. నోడ్ (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపేది), దాని మీద వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఎక్స్‌ప్రెస్ 4, వెనకాల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. వేరేవాళ్లు రాసి వెళ్లిపోయిన కోడ్ ఇప్పుడు నా నెత్తిన పడింది. ప్రతి రూట్ హ్యాండ్లర్ (ఒక అడ్రస్‌కి వచ్చిన రిక్వెస్ట్‌కి జవాబిచ్చే ఫంక్షన్) చుట్టూ ఒక ట్రై-క్యాచ్ (ఎర్రర్ వస్తే పట్టుకునే బ్లాక్), క్యాచ్‌లో ఒక కన్సోల్ లాగ్, దాని కింద స్టేటస్ 200 (అంతా బాగుందనే కోడ్) పెట్టి "సక్సెస్: ఫాల్స్, మెసేజ్: ఏదో తప్పు జరిగింది" అని ఒక జేసన్. ఎక్కడ చూసినా ఇదే. డేటాబేస్ పడిపోయినా ఇదే మెసేజ్, యూజర్ ఈమెయిల్ తప్పుగా కొట్టినా ఇదే మెసేజ్.

ఇవన్నీ తీసేసి ఒకచోట పెడదామని కొన్ని రూట్లలో ట్రై-క్యాచ్ తీసి చూశాను. డెవలప్‌మెంట్‌లోనే తేడా కొట్టింది. ఎర్రర్ వస్తే రెస్పాన్స్ అసలు రాదు, బ్రౌజర్ అలా తిరుగుతూనే ఉంటుంది, ఒక్కోసారి ప్రాసెస్ మొత్తం పడిపోతుంది. అందుకే ముందువాళ్లు అన్నిచోట్లా పెట్టారేమో అనిపించింది.

ఇంకో గొడవ, 400 (రిక్వెస్ట్ తప్పు), 404 (అడిగింది లేదు) లాంటి ఎర్రర్ స్టేటస్‌లు పంపిస్తానంటే మొబైల్ టీమ్ ఒప్పుకోవట్లేదు. "మాకు ఎప్పుడూ 200 ఇవ్వండి, లోపల సక్సెస్ చూసుకుంటాం, లేకపోతే మా లైబ్రరీ ఎక్సెప్షన్ విసురుతుంది" అంటున్నారు. ఇందులో ఎవరిది కరెక్టో తెలియక మధ్యలో నాకు టెన్షన్. పెద్ద ప్రాజెక్టుల్లో చేసినవాళ్లు ఎవరైనా మీ పద్ధతి చెప్తారా?

పాతలాగు:

ముందు ఆ రెస్పాన్స్ రాకపోవడం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది మీ తప్పు కాదు, ఎక్స్‌ప్రెస్ 4 స్వభావమే అంత. అది హ్యాండ్లర్‌ని పిలుస్తుంది, సింక్రనస్‌గా ఏదైనా త్రో అయితే పట్టుకుని ఎర్రర్ మిడిల్‌వేర్‌కి (ఎర్రర్లన్నీ చివరికి వచ్చి చేరే ఫంక్షన్) అప్పగిస్తుంది. అసింక్ ఫంక్షన్ త్రో చేయదు కదా, రిజెక్ట్ అయిన ప్రామిస్‌ని (తర్వాత వచ్చే ఫలితానికి గుర్తు, ఇక్కడ ఫెయిల్ అయినది) ఇస్తుంది, ఆ ప్రామిస్ వైపు ఎక్స్‌ప్రెస్ 4 కన్నెత్తి కూడా చూడదు. దాంతో రెస్పాన్స్ ఎవరూ రాయరు, క్లయింట్ ఎదురుచూస్తూ ఉంటాడు, సర్వర్ ముందు రిక్వెస్టులు అందించే ప్రాక్సీ ఉంటే అదే విసిగి 504 (టైమ్ అయిపోయింది) ఇస్తుంది. పైగా నోడ్ 15 నుంచి ఎవరూ పట్టుకోని రిజెక్షన్ ఉంటే ప్రాసెస్ చచ్చిపోవడమే డిఫాల్ట్. మీకు కనిపించిన రెండు లక్షణాలకూ కారణం ఇదే.

మందు కూడా చిన్నదే. ఎక్స్‌ప్రెస్ 5 కి వెళ్లండి, 2024లో వచ్చింది, అందులో రిజెక్ట్ అయిన ప్రామిస్ తనంతట తానే ఎర్రర్ మిడిల్‌వేర్‌కి వెళ్తుంది. నోడ్ 18 లేదా ఆ పైది కావాలి. ఇప్పుడే మారలేకపోతే హ్యాండ్లర్‌ని చుట్టే నాలుగు లైన్ల ఫంక్షన్ ఒకటి రాసుకోండి, ప్రామిస్ రిజెక్ట్ అయితే దాన్ని నెక్స్ట్‌కి (ఎక్స్‌ప్రెస్‌లో తర్వాతి మెట్టుకి అప్పగించే ఫంక్షన్) పంపడమే దాని పని. ఆ తర్వాత మీ రూట్లలో ఉన్న ట్రై-క్యాచ్‌లలో ఎక్కువ భాగం నిర్భయంగా పీకేయొచ్చు.

ఎక్కువ భాగం అన్నాను, అన్నీ కాదు. ఒక క్యాచ్ ఉండాలా వద్దా అంటే నేను చూసేది ఒక్కటే, అక్కడ పట్టుకుని నువ్వు చేయగలిగింది ఏమైనా ఉందా? క్యాష్ దొరక్కపోతే డేటాబేస్‌కి వెళ్లడం, ఇంకోసారి ప్రయత్నించడం, లైబ్రరీ ఇచ్చిన అర్థంకాని ఎర్రర్‌ని మన భాషలోకి మార్చడం, ఇవి పనులు. లాగ్ చేసి మళ్లీ త్రో చేయడం పని కాదు, దానివల్ల ఒకే ఎర్రర్ లాగ్‌లో ప్రతి మెట్టు దగ్గరా ఒకసారి కనిపించి, ఎన్ని ఫెయిల్ అయ్యాయో లెక్క తెలియకుండా పోతుంది.

అసలు తేడా ఇక్కడ ఉంది. ఫెయిల్యూర్లు రెండు జాతులు. ఒకటి, జరుగుతుందని మనకు ముందే తెలిసినవి. ఆర్డర్ నంబర్ లేదు, స్టాక్ అయిపోయింది, టోకెన్ గడువు తీరింది. ఇవి బగ్గులు కావు, ప్రోగ్రామ్ సరిగ్గా పనిచేస్తోందనడానికి గుర్తు. వీటికి ఒక సొంత ఎర్రర్ క్లాస్ పెట్టుకోండి, అందులో స్టేటస్, మారని కోడ్ ఒకటి, బయటికి చెప్పదగ్గ మెసేజ్ ఉండాలి. రెండోజాతి మనం ఊహించనివి, అన్‌డిఫైన్డ్ మీద ప్రాపర్టీ చదవబోయామనో, ఎస్‌క్యూఎల్‌లో కామా మిస్సయిందనో. వీటికి బయట చెప్పాల్సింది ఏమీ లేదు, 500 (సర్వర్ తప్పు) ఇచ్చి స్టాక్ ట్రేస్ (ఎర్రర్ ఏ ఫంక్షన్ల గుండా వచ్చిందో ఆ జాబితా) మొత్తం లాగ్‌లో పెట్టుకోవాలి. చివర్లో ఉండే ఎర్రర్ మిడిల్‌వేర్ ఒక్కటే చూసుకుంటుంది, వచ్చింది మన క్లాసా, కాదా అని. మన క్లాసైతే అందులో ఉన్నది పంపు, కాకపోతే నోరు మూసుకుని 500.

ఆ మిడిల్‌వేర్‌లో కొన్ని గోతులున్నాయి, చెప్పి వదిలేస్తాను. దానికి కచ్చితంగా నాలుగు పారామీటర్లు ఉండాలి, నెక్స్ట్‌ని వాడకపోయినా సరే, ఎందుకంటే పారామీటర్లు లెక్కపెట్టే అది ఎర్రర్ మిడిల్‌వేరా మామూలుదా అని ఎక్స్‌ప్రెస్ తేల్చుకుంటుంది. కోడ్‌లో లోపాలు వెతికే లింటర్ "ఇది వాడట్లేదు" అందని ఎవరో పుణ్యాత్ముడు నాలుగోది తీసేస్తే ఆ రోజు నుంచి మీ ఎర్రర్లన్నీ ఎక్స్‌ప్రెస్ సొంత హెచ్‌టీఎమ్ఎల్ పేజీగా వెళ్తాయి. అన్ని రూట్ల తర్వాతే దాన్ని పెట్టాలి. దానికి ముందు ఏ రూట్‌కీ తగలని రిక్వెస్టుల కోసం ఒక 404 హ్యాండ్లర్ ఉండాలి, లేకపోతే అక్కడా హెచ్‌టీఎమ్ఎల్ వస్తుంది. జేసన్ బాడీ తప్పుగా వస్తే దాన్ని చదివే బాడీ పార్సర్ విసిరే ఎర్రర్ మీద స్టేటస్ 400 అని, సైజు మించితే 413 అని ఉంటుంది, మీరు "మన క్లాస్ కాదు కాబట్టి 500" అన్నారంటే క్లయింట్ తప్పు మీ ఖాతాలో పడుతుంది.

అలా అని ఎర్రర్ మీద స్టేటస్ ఏది ఉంటే అది పంపేయకండి, అది ఇంకా ప్రమాదం. బయటి సర్వీసుల్ని పిలిచే కొన్ని హెచ్‌టీటీపీ క్లయింట్ లైబ్రరీల ఎర్రర్ల మీద కూడా స్టేటస్ అనే ప్రాపర్టీ ఉంటుంది. మీ పేమెంట్ సర్వీస్‌కి వాడే కీ గడువు తీరి వాళ్లు 401 (నువ్వెవరో తెలియదు) ఇచ్చారనుకోండి, అదే 401 మీ యూజర్‌కి వెళ్తే యాప్ ఏమనుకుంటుంది? లాగిన్ పోయిందనుకుని అందర్నీ బయటికి తోసేస్తుంది. పక్క సర్వీస్ 401 మీ క్లయింట్‌కి 502 (వెనకున్న సర్వీస్ నుంచి సరైన జవాబు రాలేదు) అవ్వాలి. బాడీ పార్సర్ ఎర్రర్ల మీద ఎక్స్‌పోజ్ అనే ఫ్లాగ్ ఉంటుంది, అది ట్రూ అయితేనే ఆ స్టేటస్‌ని నమ్మండి.

ఖాళీఎర్రే:

పాతలాగు గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. ఎవెయిట్ పెట్టడం మర్చిపోయిన ప్రామిస్‌ని ఎక్స్‌ప్రెస్ 5 కూడా కాపాడదు. రెస్పాన్స్ పంపేశాక వెనకాల మెయిల్ పంపే ఫంక్షన్‌ని అలా పిలిచి వదిలేస్తారు చూడండి, అది రిజెక్ట్ అయితే ఏ రిక్వెస్ట్‌కీ సంబంధం లేకుండా సర్వర్ పడిపోతుంది. టైప్‌స్క్రిప్ట్ వాడుతుంటే గాలికి వదిలిన ప్రామిస్‌లని పట్టే లింట్ రూల్ ఉంది, ముందు అది ఆన్ చేయండి.

అన్‌కాట్ ఎక్సెప్షన్ హ్యాండ్లర్ పెట్టి సర్వర్ నడుస్తూనే ఉండేలా చేసే ట్రిక్కు ఎవరైనా చెప్తే వినకండి. ఆ తర్వాత కొనసాగడం క్షేమం కాదని నోడ్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. లాగ్ రాయి, కొత్త రిక్వెస్టులు ఆపు, చేతిలో ఉన్నవి ముగించు, చచ్చిపో. మళ్లీ లేపడం ప్రాసెస్ మేనేజర్ పని.

నల్లటెర్మినల్:

200 గొడవ గురించి. నేను మొబైల్ వైపే, ఆండ్రాయిడ్. మీ మొబైల్ టీమ్ వాదన నాకు అర్థమైంది కానీ ఒప్పుకోను 🙂

రెట్రోఫిట్ అనే ఆండ్రాయిడ్ హెచ్‌టీటీపీ లైబ్రరీలో ఫంక్షన్ నేరుగా బాడీని రిటర్న్ చేసేలా రాస్తే 4xx (400 నుంచి 499 వరకు, క్లయింట్ తప్పులు) కి ఎక్సెప్షన్ వస్తుంది నిజమే, రెస్పాన్స్ అనే టైప్ పెట్టి రాస్తే రాదు, సక్సెస్సా కాదా అడిగి ఎర్రర్ బాడీ చదువుకోవచ్చు. కాబట్టి "లైబ్రరీ విసురుతుంది" అనేది కారణం కాదు, సాకు. అసలు మాట ఏంటంటే వాళ్ల దగ్గర కూడా అదే ఎన్వలప్ (సక్సెస్, మెసేజ్ ఉన్న ఆ పై పొర) చూసే కోడ్ అన్నిచోట్లా అల్లుకుపోయి ఉంటుంది, దాన్ని కదపడం ఇష్టం లేదు. అది న్యాయమైన కారణమే, అలాగే చెప్తే సరిపోయేది.

అన్నిటికీ 200 ఇస్తే మధ్యలో ఉన్నవాళ్లందరికీ మీరు అబద్ధం చెప్తున్నట్టు. లోడ్ బ్యాలెన్సర్‌కి, మానిటరింగ్‌కి, సీడీఎన్‌కి (రెస్పాన్స్‌ల కాపీలు దాచి పంచే సర్వర్లు) జేసన్ లోపల ఏముందో తెలియదు, స్టేటస్ ఒక్కటే కనిపిస్తుంది. సగం రిక్వెస్టులు ఫెయిల్ అవుతున్నా గ్రాఫ్ పచ్చగానే ఉంటుంది. క్యాష్ చేయమని హెడర్ పెట్టిన గెట్ రూట్ అయితే ఇంకా ఘోరం, "ఏదో తప్పు జరిగింది" అన్న జేసన్‌ని సీడీఎన్ పట్టుకుని, సర్వర్ బాగయ్యాక కూడా అందరికీ అదే పంచుతుంది.

ఇంకో సంగతి, మీరు ఎప్పుడూ 200 ఇచ్చినా మాకు ఎప్పుడూ 200 రాదు. మీ సర్వర్ రీస్టార్ట్ అవుతుంటే ముందున్న ప్రాక్సీ 502 ఇస్తుంది, అదీ హెచ్‌టీఎమ్ఎల్‌లో. దాన్ని జేసన్ అనుకుని పార్స్ చేయబోతే మొదటి అక్షరం దగ్గరే యాప్ పడిపోతుంది. కాబట్టి 200 కానివాటిని చూసుకునే కోడ్ మొబైల్ వైపు ఎలాగూ ఉండి తీరాలి. ఈ మాట మీ మొబైల్ టీమ్‌కి చెప్పండి, బాడీ పార్స్ చేసే ముందు కంటెంట్ టైప్ చూసుకోమనండి.

ఎర్రర్ బాడీలో నాకు కావాల్సింది ఏంటంటే, మొదట మారని కోడ్, స్టాక్ అయిపోయింది అంటే ఆ అర్థం వచ్చే స్ట్రింగ్ ఒకటి, అది ఈరోజు ఒకలా రేపు ఒకలా ఉండకూడదు. మెసేజ్‌ని మేం పోల్చి చూసే పరిస్థితి తేవొద్దు, ఎవరో వాక్యంలో ఫుల్‌స్టాప్ తీస్తే యాప్‌లో ఒక స్క్రీన్ పనిచేయకుండా పోయిన కేసులున్నాయి. ఫారమ్ వాలిడేషన్ అయితే ఏ ఫీల్డ్‌లో తప్పో విడివిడిగా, అన్నీ ఒకేసారి రావాలి, ఒకటి సరిచేస్తే ఇంకోటి చెప్పే సర్వర్ అంటే యూజర్‌కి ఒళ్లు మండుతుంది. చివరగా ఒక రిక్వెస్ట్ ఐడీ. అది స్క్రీన్ మీద చిన్నగా చూపిస్తాం, యూజర్ స్క్రీన్‌షాట్ పంపితే మీరు లాగ్‌లో వెతుక్కోవచ్చు. ఇది లేకపోతే "నిన్న సాయంత్రం ఎప్పుడో ఎర్రర్ వచ్చింది" అన్న ఒక్క ముక్క పట్టుకుని మీరూ మేమూ రాత్రంతా కూర్చోవాలి.

మళ్లీ ప్రయత్నించొచ్చో లేదో కూడా స్టేటస్‌లోనే తెలియాలి. 400 వస్తే అదే రిక్వెస్ట్ మళ్లీ పంపి లాభం లేదు. 429 (రిక్వెస్టులు ఎక్కువయ్యాయి), 503 (సర్వర్ ఇప్పుడు అందుబాటులో లేదు) వస్తే ఆగి పంపుతాం, ఎంతసేపు ఆగాలో రీట్రై-ఆఫ్టర్ హెడర్‌లో సెకన్లు పెట్టండి. పెట్టకపోతే మేమే ప్రతిసారీ రెట్టింపు చేస్తూ, కొంచెం యాదృచ్ఛికంగా అటూ ఇటూ జరిపి ఆగుతాం. ఆ జరపడం లేకపోతే పడిపోయిన సర్వర్ లేవగానే యాప్‌లన్నీ ఒకే క్షణంలో మీద పడి మళ్లీ పడేస్తాయి.

చివరిసెమికోలన్:

చాలా థ్యాంక్స్ అండి, ఆ పక్క సర్వీస్ 401 సంగతి చదివి మా కోడ్‌లో వెతికితే సరిగ్గా అలాంటిదే ఒకటి దొరికింది, ఎవరికీ ఇంకా తగల్లేదు.

ఇంకో రెండు డౌట్లు. వాలిడేషన్‌కి 400 నా 422 నా? రెండోది, రిజిస్ట్రేషన్‌లో ఈమెయిల్ ముందే ఉందేమో సెలెక్ట్ చేసి చూసి, లేకపోతే ఇన్సర్ట్ చేస్తున్నారు. అయినా అప్పుడప్పుడు డూప్లికేట్ కీ ఎర్రర్ లాగ్‌లో కనిపిస్తోంది. చెక్ చేశాక కూడా ఎలా వస్తుంది?

ఇంకా ఒకటి గుర్తొచ్చింది, ట్రై-క్యాచ్ తీసేసిన రూట్లలో ఒక దానిలో ఎర్రర్ మిడిల్‌వేర్ వరకు సరిగ్గానే వస్తోంది, కానీ అదే రూట్ కొన్నిసార్లు కొడితే ఆ తర్వాత సర్వర్ మొత్తం బిగుసుకుపోతోంది, వేరే రూట్లు కూడా. లాగ్‌లో ఏమీ ఉండట్లేదు.

టేబుల్‌జాయిన్:

బిగుసుకుపోవడం గురించి ముందు చెప్తాను, చూడకుండానే పందెం కాస్తాను. ఆ రూట్‌లో ట్రాన్సాక్షన్ కోసం పూల్ (తిరిగి తిరిగి వాడుకునే డేటాబేస్ కనెక్షన్ల గుంపు) నుంచి కనెక్షన్ తీసుకుంటున్నారు కదా? రిలీజ్ చేసే లైన్ పాత క్యాచ్‌లోనూ, చివర్లోనూ ఉండి ఉంటుంది. మీరు క్యాచ్ తీసేయగానే ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ ఒక కనెక్షన్ తిరిగి రావట్లేదు. నోడ్ పోస్ట్‌గ్రెస్ లైబ్రరీ పూల్‌లో డిఫాల్ట్‌గా 10 కనెక్షన్లే, అవి అయిపోతే తర్వాత వచ్చేవాడు ఎంతసేపు ఆగాలనే పరిమితి డిఫాల్ట్‌గా లేదు, అనంతంగా ఆగుతాడు. ఎర్రర్ కాదు కాబట్టి లాగ్‌లో ఏమీ ఉండదు. రిలీజ్‌ని ఫైనల్లీలో పెట్టండి, రోల్‌బ్యాక్‌ని క్యాచ్‌లో పెట్టి మళ్లీ త్రో చేయండి, కనెక్షన్ టైమౌట్ కొన్ని సెకన్లు పెట్టండి. క్యాచ్‌లు పీకేటప్పుడు వాటిలో శుభ్రం చేసే పని ఏదైనా దాక్కుని ఉందేమో చూడకుండా పీకకూడదు. పాతలాగు గారు "నిర్భయంగా" అన్నారు కానీ నేనైతే కాస్త భయంతోనే పీకుతాను.

డూప్లికేట్ సంగతి. మీరు సెలెక్ట్ చేసిన క్షణానికీ ఇన్సర్ట్ చేసే క్షణానికీ మధ్య ఖాళీ ఉంది. యూజర్ బటన్ రెండుసార్లు నొక్కాడు, రెండు రిక్వెస్టులూ "లేదు" అనే సమాధానం చూశాయి, రెండూ ఇన్సర్ట్‌కి వెళ్లాయి, ఒకటి గెలిచింది. ఆ ఖాళీని మీ కోడ్‌లో ఎంత జాగ్రత్తగా రాసినా మూయలేరు, మూసేది డేటాబేస్‌లోని యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే విలువ రెండుసార్లు రానివ్వని నియమం) ఒక్కటే, అది మీకు ఇప్పటికే ఉంది కాబట్టే ఎర్రర్ వస్తోంది. కాబట్టి ముందు చెక్ చేయడం మానేసి నేరుగా ఇన్సర్ట్ చేయండి, పోస్ట్‌గ్రెస్ డూప్లికేట్ ఎర్రర్ కోడ్ 23505 వస్తే, కన్‌స్ట్రెయింట్ పేరు చూసి, అది ఈమెయిల్‌దే అయితే 409 (ఉన్నదానితో ఘర్షణ) గా మార్చండి. పేరు చూడటం ముఖ్యం, అదే టేబుల్‌లో ఫోన్ నంబర్ మీద కూడా యూనిక్ ఉంటే ఈమెయిల్ ముందే ఉందని చెప్పి యూజర్‌ని పిచ్చోణ్ణి చేస్తారు. మెసేజ్ టెక్స్ట్‌లో "డూప్లికేట్" అన్న మాట వెతకొద్దు, పోస్ట్‌గ్రెస్ మెసేజ్‌లు సర్వర్ భాషా సెట్టింగ్‌ని బట్టి మారతాయి, కోడ్‌లు మారవు.

ఈ మార్పిడి రిపాజిటరీ లేయర్‌లో (డేటాబేస్ క్వెరీలు ఉండే కోడ్) ఉండాలి, ఎర్రర్ మిడిల్‌వేర్‌లో కాదు. 23505 అంటే రిజిస్ట్రేషన్‌లో ఒక అర్థం, ఆర్డర్‌లో ఇంకో అర్థం, అది తెలిసేది ఆ క్వెరీ రాసినవాడికే. మార్చేటప్పుడు అసలు ఎర్రర్‌ని కాజ్‌గా జతచేయండి, జావాస్క్రిప్ట్ ఎర్రర్‌కి 2022 స్టాండర్డ్ నుంచి ఆ ఆప్షన్ ఉంది, లాగ్‌లో వెనక ఏం జరిగిందో మొత్తం గొలుసు కనిపిస్తుంది.

ట్రాన్సాక్షన్ మధ్యలో 23505 పట్టుకుని ఏమీ కానట్టు తర్వాతి క్వెరీకి వెళ్లాలనుకుంటే కుదరదు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక స్టేట్‌మెంట్ ఫెయిల్ అయితే రోల్‌బ్యాక్ చేసేదాకా మిగతావన్నీ 25P02 తో తిరగ్గొడుతుంది. అప్పుడు లాగ్‌లో కనిపించేది రెండో ఎర్రర్, అసలుది ఎక్కడో పైన. అలాంటిచోట సేవ్‌పాయింట్ (ట్రాన్సాక్షన్‌లో అక్కడిదాకా మాత్రమే వెనక్కి వచ్చే గుర్తు) పెట్టాలి, లేదా "ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్" వాడి ఎన్ని వరసలు ఎక్కాయో చూసుకోవాలి. 40001, 40P01 అయితే వేరే లెక్క. మొదటిది సీరియలైజేషన్ ఫెయిల్యూర్, రెండోది డెడ్‌లాక్, రెండూ ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లు ఒకదానికొకటి అడ్డుపడటం వల్ల వచ్చేవే. వీటికి యూజర్‌కి చెప్పాల్సిన పనిలేదు, ట్రాన్సాక్షన్ మొత్తాన్ని మొదటినుంచి కొన్నిసార్లు నడిపి చూడాలి, చివరి స్టేట్‌మెంట్ ఒక్కదాన్నే కాదు.

400 నా 422 నా అన్నది... ఏదో ఒకటి పట్టుకుని అంతటా అదే వాడండి, అంతే. 422 వెబ్‌డావ్ (హెచ్‌టీటీపీ మీద ఫైళ్లు మార్చే పొడిగింపు) నుంచి వచ్చింది, 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9110 (ఇంటర్నెట్ స్టాండర్డ్ పత్రం) దాన్ని హెచ్‌టీటీపీ ప్రధాన స్పెసిఫికేషన్‌లోకి తీసుకుంది. నేను జేసనే పగిలి ఉంటే 400, జేసన్ బాగుండి లోపలి విలువలు తప్పైతే 422 అంటాను. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ ఫాస్ట్‌ఏపీఐ డిఫాల్ట్‌గా వాలిడేషన్‌కి 422 ఇస్తుంది. ఏది వాడినా క్లయింట్ చూసేది నల్లటెర్మినల్ గారు చెప్పిన ఆ స్ట్రింగ్ కోడ్‌నే.

తాళంచెవి:

సెక్యూరిటీ వైపునుంచి. టేబుల్‌జాయిన్ గారు చెప్పిన 409 సాంకేతికంగా కరెక్టే కానీ రిజిస్ట్రేషన్‌లో "ఈ ఈమెయిల్ ముందే ఉంది" అని చెప్పడం అంటే ఎవడైనా ఈమెయిల్ జాబితా పట్టుకొచ్చి ఎవరెవరికి మీ దగ్గర అకౌంట్ ఉందో కనుక్కోవచ్చు. కొన్ని సైట్లకి ఇది పెద్ద విషయం కాదు, ఆరోగ్యం, డేటింగ్ లాంటివాటికి చాలా పెద్ద విషయం. అలాంటిచోట రెండు సందర్భాల్లోనూ ఒకే సమాధానం ఇచ్చి, "మెయిల్ చూసుకోండి" అని, అసలు విషయం మెయిల్‌లో చెప్పాలి. లాగిన్‌లో అయితే చర్చే లేదు, యూజర్ లేడు, పాస్‌వర్డ్ తప్పు, రెండిటికీ ఒకే మెసేజ్, ఒకే స్టేటస్. సమాధానం ఇవ్వడానికి పట్టే టైమ్ కూడా దాదాపు ఒకేలా ఉండాలి, యూజర్ లేకపోతే పాస్‌వర్డ్ హ్యాష్ (పాస్‌వర్డ్‌ని గుప్తంగా మార్చి దాచిన రూపం) పోల్చడం మానేసి వెంటనే తిరగ్గొడితే ఆ టైమే గుట్టు విప్పుతుంది.

వేరేవాళ్ల డాక్యుమెంట్ అడిగితే 403 కన్నా 404 మేలు. 403 అంటే "ఉంది, నీకు ఇవ్వను" అని చెప్పడమే. గిట్‌హబ్ ప్రైవేట్ రిపాజిటరీలకి చేసేది అదే, హక్కు లేనివాడికి అది అసలు లేనట్టే కనిపిస్తుంది. 401 అంటే నువ్వెవరో తెలియదు, 403 అంటే తెలుసు కానీ కుదరదు. ఈ రెండూ కలిపేసినచోట యాప్ లాగౌట్ అయ్యే చిత్రాలు చూశాను. 401 పంపితే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-ఆథెంటికేట్ హెడర్ కూడా పంపాలని స్పెసిఫికేషన్ చెప్తుంది, దాదాపు ఎవరూ పంపరు.

లాగ్ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఎర్రర్ వచ్చినప్పుడు రిక్వెస్ట్ బాడీ మొత్తం లాగ్ చేసే అలవాటు ఉంటే పాస్‌వర్డ్‌లు, టోకెన్లు లాగ్ సర్వర్‌లో పడుంటాయి. హెచ్‌టీటీపీ క్లయింట్ ఎర్రర్ ఆబ్జెక్ట్‌ని అలాగే లాగ్ చేసినా ఇదే ప్రమాదం, చాలావాటిలో పంపిన హెడర్లు కూడా ఉంటాయి, ఆథరైజేషన్ హెడర్‌తో సహా. లాగర్‌లోనే ఆ ఫీల్డులు చెరిపేలా పెట్టండి, మనుషుల జ్ఞాపకశక్తి మీద వదలొద్దు.

ఖాళీఎర్రే:

ఎర్రర్ బాడీ ఆకారం సొంతంగా కనిపెట్టకండి, దానికి స్టాండర్డ్ ఉంది. ఆర్‌ఎఫ్‌సీ 9457, 2023లో వచ్చింది, అంతకుముందు 2016 నాటి 7807 ఉండేది. టైప్, టైటిల్, స్టేటస్, డీటెయిల్, ఇన్‌స్టాన్స్ అని ఐదు ఫీల్డులు, ఏదీ తప్పనిసరి కాదు, మన సొంత ఫీల్డులు కలుపుకోవచ్చు. కంటెంట్ టైప్ వేరుగా ఉంటుంది కాబట్టి ఇది మా ఎర్రరా, మధ్యలో ప్రాక్సీ ఎర్రరా అన్నది క్లయింట్‌కి వెంటనే తెలుస్తుంది.

పాతలాగు:

నాకు ఆ టైప్ అనే ఫీల్డ్‌లో యూఆర్ఐ పెట్టడం మీద పెద్ద మోజు లేదు. ప్రతి ఎర్రర్‌కీ ఒక అడ్రస్, దానికి ఒక డాక్యుమెంటేషన్ పేజీ, ఆ పేజీని ఎవరూ రాయరు, రాసినా ఎవరూ తెరవరు. పబ్లిక్ ఏపీఐ అయితే సరే. లోపలి మొబైల్ యాప్ కోసం అయితే ఆ ఆకారం తీసుకుని, కోడ్ అని ఒక సొంత ఫీల్డ్ కలిపి సరిపెట్టుకుంటాను. స్టాండర్డ్ కూడా దీన్ని కాదనదు, టైప్ లేకపోతే అది ఖాళీ పేజీ అన్నట్టే లెక్క, అర్థం స్టేటస్ నుంచి తీసుకోవాలి.

ఆ కంటెంట్ టైప్ మాట మాత్రం బాగుంది, ఒప్పుకున్నాను.

చివరిసెమికోలన్:

టేబుల్‌జాయిన్ గారూ, పందెం మీరే గెలిచారు. రిలీజ్ లైన్ పాత క్యాచ్‌లోనే ఉంది.

ఇక మిగిలింది, ఇదంతా మార్చాలంటే ఫోన్లలో ఉన్న పాత యాప్ వెర్షన్ల సంగతేంటి? అవి 200 తప్ప ఇంకోటి చూసి ఎరగవు. అందరూ అప్‌డేట్ చేయరు కదా. ఇంకా, ఒక రూట్ పెద్ద సీఎస్‌వీ ఫైల్‌ని స్ట్రీమ్ చేస్తుంది, సగం పంపాక ఎర్రర్ వస్తే స్టేటస్ ఎలా మార్చాలి?

నల్లటెర్మినల్:

పాత వెర్షన్లని ముట్టుకోవద్దు. హ్యాండ్లర్లన్నీ ఇప్పుడు ఎర్రర్ త్రో చేయడం తప్ప రెస్పాన్స్ రాయట్లేదు కాబట్టి బయటికి ఏ ఆకారంలో వెళ్లాలన్నది ఒక్క మిడిల్‌వేర్ చేతిలో ఉంది. రిక్వెస్ట్ అడ్రస్ వీ1 (పాత వెర్షన్) తో మొదలైతే పాత ఎన్వలప్, 200. వీ2 అయితే నిజమైన స్టేటస్, కొత్త బాడీ. హ్యాండ్లర్‌కి ఈ గొడవ తెలియాల్సిన పనే లేదు. కొత్త యాప్ వీ2 వాడుతుంది, వీ1 ట్రాఫిక్ తగ్గుతూ వస్తుంది, ఎప్పుడు ఆపాలో అప్పుడు చూసుకోవచ్చు.

పాతలాగు:

దీనికి తోడు, వీ1 కి బయట 200 పంపినా అసలు స్టేటస్ ఏంటో లాగ్‌లోనూ మెట్రిక్స్‌లోనూ వేరే ఫీల్డ్‌గా రాయండి. మొబైల్ వాళ్లని కదపకుండానే మీ గ్రాఫ్ ఈ వారమే నిజం చెప్పడం మొదలుపెడుతుంది. మొదటి రోజు ఆ గ్రాఫ్ చూసి మేనేజర్లు కంగారుపడతారు, ముందే చెప్పి ఉంచండి, ఎర్రర్లు పెరగలేదు, ఇప్పుడు కనబడుతున్నాయి అని. అలర్ట్ మాత్రం 5xx (సర్వర్ తప్పులు) మీదే పెట్టండి. 4xx కి నిద్రలేపితే రెండో రాత్రికే అందరూ ఫోన్ సైలెంట్‌లో పెడతారు. 4xx ఒక్కసారిగా పెరిగితే మాత్రం చూడాలి, సాధారణంగా అది మనం రిలీజ్ చేసిన ఏదో యాప్ బగ్ అయ్యుంటుంది.

సీఎస్‌వీ విషయంలో, హెడర్లు వెళ్లిపోయాక స్టేటస్ మార్చడం ఎవరివల్లా కాదు. మిడిల్‌వేర్‌లో మొదటి లైనే అది అడగాలి, హెడర్లు పంపేశామా అని. పంపేసి ఉంటే ఎర్రర్‌ని నెక్స్ట్‌కి ఇచ్చేయండి, ఎక్స్‌ప్రెస్ కనెక్షన్‌ని తెంచేస్తుంది. క్లయింట్‌కి డౌన్‌లోడ్ ఫెయిల్ అయిందని తెలుస్తుంది, సగం ఫైల్‌ని పూర్తి ఫైల్ అనుకోడు. మర్యాదగా స్ట్రీమ్ ముగించేస్తేనే ప్రమాదం, చివరి వరసలు లేని రిపోర్ట్‌ని ఎవరో లెక్కల్లోకి ఎక్కించుకుంటారు. ఫైల్ మరీ పెద్దదైతే స్ట్రీమ్ చేయడం మానేసి, వెనక జాబ్‌గా తయారుచేసి, అయ్యాక లింక్ ఇవ్వండి. అప్పుడు 202 (తీసుకున్నాం, ఇంకా అవ్వలేదు) ఇచ్చి, జాబ్ స్థితి అడగడానికి ఒక అడ్రస్ ఇస్తే సరిపోతుంది.

చివరిసెమికోలన్:

వీ1, వీ2 ఐడియా మొబైల్ టీమ్‌కి చెప్పాను, వెంటనే ఒప్పుకున్నారు. వాళ్లు అడిగింది ఒక్కటే, ఎర్రర్ కోడ్‌ల జాబితా ఒక ఫైల్‌లో పెట్టి సర్వర్, మొబైల్ రెండు కోడ్ రిపాజిటరీలకీ పంచమన్నారు. సోమవారం నుంచి రిజిస్ట్రేషన్ రూట్‌తో మొదలుపెడుతున్నాను, కాకపోతే ఆ 409 పెట్టాలా, తాళంచెవి గారు చెప్పినట్టు మెయిల్ పద్ధతా అన్నది ప్రొడక్ట్ వాళ్లని అడగాలి.

తాళంచెవి:

అడిగేటప్పుడు రీసెట్ పాస్‌వర్డ్ స్క్రీన్ కూడా కలిపి అడగండి. రిజిస్ట్రేషన్‌లో దాచి అక్కడ "ఈ ఈమెయిల్ మా దగ్గర లేదు" అని చెప్పేస్తుంటారు చాలామంది.